మూడో రోజు పలకరించే మనిషి

(విశాఖపట్నంలో వైద్య సిబ్బంది, కార్మిక సంఘాల ప్రతినిధులు, వార్డు సచివాలయ ఉద్యోగులు, కాలనీల వాళ్ళు కలిసిన ఒక సభలో ఊపిరితిత్తుల వైద్యులొకరు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంత ఉక్కపోతలో వచ్చి కూర్చున్నందుకు ముందుగా కృతజ్ఞతలు.

సిగరెట్ పెట్టె మీద, పొగాకు మానడానికి సాయం చేసే ఫోన్ నంబర్ ఒకటి ఉంటుంది. 1800-11-2356. 2018 సెప్టెంబర్ నుంచి పొగాకు పెట్టెల మీద బొమ్మతో పాటు అది కూడా అచ్చు వేయాలని నిబంధన. నా ఓపీకి వచ్చే పొగతాగేవాళ్ళని నేను అడుగుతుంటాను, ఆ నంబర్‌కి ఎప్పుడైనా చేశారా అని. "ఏ నంబర్ సార్?" అంటారు ఎక్కువమంది. వాళ్ళనేమీ అనడానికి లేదు. జగదాంబ దగ్గరో మద్దిలపాలెంలోనో కిళ్ళీ కొట్టు పక్కన ఒక పావుగంట నిలబడి చూడండి. పెట్టె కొనేవాళ్ళు ఎంతమంది? ఒకటో రెండో విడిగా తీసుకుని, కొట్టుకి వేలాడదీసిన లైటర్‌తో అంటించుకుని వెళ్ళిపోతారు. పెట్టె కొట్టతని దగ్గరే ఉండిపోతుంది. నంబర్ కూడా దానితోనే ఉండిపోతుంది. ఇక సంతలో కట్టలు కట్టి అమ్మే చుట్టకి పెట్టే లేదు, దాని మీద నంబరూ లేదు.

పొగ తాగితే ఏమవుతుందో ఈ రోజు నేను చెప్పను. అది చెప్పించుకోవాల్సిన స్థితిలో ఈ ఊళ్ళో ఎవరూ లేరు. పెట్టె మీద 85 శాతం జాగా హెచ్చరికే ఆక్రమించింది. సినిమా హాల్లో కూర్చుంటే బొమ్మకి ముందు చెబుతారు, విశ్రాంతి తర్వాత మళ్ళీ చెబుతారు. నా బాధ వేరే. "సరే, మానేస్తాను, ఇప్పుడేం చేయమంటారు?" అని ఒక మనిషి అడిగితే, అతన్ని ఎక్కడికి పంపాలి? గాజువాకలో ఉన్నవాడిని ఎక్కడికి పంపాలి, భీమిలిలో ఉన్నావిడని ఎక్కడికి పంపాలి? దీనికి మన ఊళ్ళో ప్రతి ఆరోగ్య కేంద్రంలోనూ చటుక్కున చెప్పగలిగే జవాబు ఉండాలి. దాని గురించే ఈ రోజు మాట్లాడతాను.

ముందు ఒక అపోహ తీసేయాలి. మానలేనివాడికి మనసు గట్టిగా లేదు, మొండితనం చాలదు, అనుకుంటాం. ఇంట్లో భార్య అదే అంటుంది, ఆఫీసులో బాస్ అదే అంటాడు, చివరికి ఆ మనిషి కూడా తనని తాను అదే అనుకుంటాడు. లోపల జరిగేది చూడండి. ఒక దమ్ము లాగితే నికోటిన్ ఊపిరితిత్తుల నుంచి మెదడుకి చేరడానికి పట్టేది పది, ఇరవై సెకన్లు. నరానికి ఎక్కించే ఇంజెక్షన్ కూడా అంతకన్నా తొందరగా చేరదు. చేరాక మెదడులో హాయిని పుట్టించే చోట డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుంది. రక్తంలో ఆ నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. పడిపోగానే చిరాకు, అసహనం, చేతులకి ఏదో కావాలనిపించడం. మళ్ళీ ఒకటి వెలిగిస్తాడు, చిరాకు తగ్గుతుంది. "సిగరెట్ తాగితే టెన్షన్ తగ్గుతుంది సార్" అని ప్రతివాళ్ళూ చెప్పేది ఇందుకే. ఆ టెన్షన్‌లో చాలా భాగం ముందు తాగిన సిగరెట్ పెట్టి వెళ్ళిందే.

నేను రోగిని అడిగే ముఖ్యమైన ప్రశ్న రోజుకి ఎన్ని అని కాదు. పొద్దున లేచాక మొదటిది ఎంతసేపటికి? అరగంట లోపలే అయితే, రాత్రంతా నికోటిన్ లేక శరీరం అల్లాడిపోయి లేచిందన్న మాట. ఆ మనిషికి ఒట్టి సలహా సరిపోదు, మందు కూడా కావాలి. మొహం కడుక్కోకముందే, కాఫీ చేతికి రాకముందే వెలిగించే మనిషిని పట్టుకుని "కాస్త కంట్రోల్ చేసుకోండి" అని పంపేయడం వైద్యం కాదు.

మానేసిన మనిషికి అన్నిటికన్నా కష్టమైన రోజులు రెండోది, మూడోది. తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం, మలబద్ధకం, ఆకలి పెరగడం, కొంతమందికి ఏడుపు వస్తుంది. తర్వాత మెల్లగా తగ్గుతూ రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. ఏ సాయమూ లేకుండా మానేసినవాళ్ళలో ఎక్కువమంది మొదటి వారం దాటకుండానే మళ్ళీ మొదలెడతారు. అంటే మనం మనిషికి అండగా ఉండాల్సింది సరిగ్గా ఆ వారం. మన వ్యవస్థ ఏం చేస్తుంది? ఓపీలో సలహా చెప్పి, "నెల రోజుల తర్వాత రండి" అని చీటీ మీద రాస్తుంది. నెల తర్వాత అతను వస్తే గిస్తే, మళ్ళీ తాగుతున్నానని సిగ్గుపడుతూ వస్తాడు. లేదా రాడు.

నేను అడిగేది చాలా చిన్నది. మూడో రోజు ఎవరో ఒకరు అతనికి ఫోన్ చేయాలి. "ఏమండీ, ఎలా ఉంది? నిద్ర పట్టిందా? నిన్న సాయంత్రం ఎలా గడిచింది?" అని అడగాలి. పదో రోజు మరోసారి. నెలకి మరోసారి. ఈ మూడు ఫోన్లు చేసే మనిషి ఎవరు, ఆ మనిషి జీతం ఎవరిస్తారు, ఏ రిజిస్టర్లో రాస్తారు? సేవలు విస్తరించడం అంటే నాకు కొత్త భవనాలు కాదు, ఇదే.

కోరిక ఉన్నవాళ్ళు తక్కువేమీ కాదు. పెద్దవాళ్ళ పొగాకు వాడకం మీద 2016-17లో దేశమంతా చేసిన గాట్స్ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో 28.6 శాతం మంది, అంటే దాదాపు 26.7 కోట్ల మంది, ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. అందులో పొగతాగేవాళ్ళని విడిగా అడిగితే 55.4 శాతం మంది మానేయాలని ఉందని, మానే ఆలోచన చేస్తున్నామని చెప్పారు. సగానికి పైగా! ప్రయత్నించినవాళ్ళలో అత్యధికులు ఏ కౌన్సెలింగూ ఏ మందూ లేకుండా ఒంటరిగా ప్రయత్నించినవాళ్ళే. అలా సాయం లేకుండా చేసే ప్రయత్నాల్లో నూటికి నాలుగే నిలబడతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కౌన్సెలింగ్, మందు కలిస్తే అది రెండింతలు దాటుతుంది. అప్పుడు కూడా చాలామంది మళ్ళీ మొదలెడతారు, అది నేను దాచను. కానీ రెండోసారి, మూడోసారి ప్రయత్నంలో నిలబడేవాళ్ళు ఎందరో ఉన్నారు. అందుకే మళ్ళీ మొదలెట్టి వచ్చిన మనిషికి మన తలుపు మొదటిసారి కన్నా ఇంకా బాగా తెరిచి ఉండాలి.

"ఇప్పుడు మానేస్తే మాత్రం ఏం లాభం, యాభై దాటాయి" అంటారు. బ్రిటన్‌లో 1951లో డాక్టర్ల మీదే ఒక పరిశీలన మొదలుపెట్టారు, రిచర్డ్ డాల్ బృందం. యాభై ఏళ్ళు వదలకుండా చూసి 2004లో ఫలితం ప్రకటించారు. అరవైలో మానేసినవాళ్ళకి ఆయుష్షు మూడేళ్ళు, యాభైలో మానితే ఆరేళ్ళు, నలభైలో మానితే తొమ్మిదేళ్ళు, ముప్ఫైలో మానితే పదేళ్ళు కలిసొచ్చింది. అరవై ఏళ్ళ మనిషికి మూడేళ్ళంటే చిన్న మాటా? మనవరాలి పెళ్ళి చూస్తాడు.

ఇప్పుడు ఉన్న సేవల సంగతి. నేను చెప్పిన ఆ నంబర్ జాతీయ క్విట్‌లైన్, అంటే మానాలనుకునేవాళ్ళకి ఫోన్‌లోనే కౌన్సెలింగ్ ఇచ్చే సేవ. 2016లో ఢిల్లీలో వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలైంది. తర్వాత ముంబై, బెంగళూరు, గువాహటిలో కూడా కేంద్రాలు పెట్టారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నుంచి తెలుగులో మాట్లాడతారు. డబ్బు కట్టక్కర్లేదు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా, సోమవారం సెలవు. వాళ్ళు చేసేది మంచి పని. మీ అలవాటు గురించి అడిగి, మానే తేదీ ఒకటి మీచేతే పెట్టించి, ఆ తేదీ తర్వాత వాళ్ళే తిరిగి ఫోన్ చేస్తారు. నేను అడుగుతున్న మూడో రోజు ఫోన్ లాంటిది అక్కడ ఉంది. ఆ నంబర్ ఈ హాల్లో ఉన్న ప్రతి ఒక్కరి ఫోన్‌లోనూ ఉండాలి. దయచేసి ఇప్పుడే ఎక్కించుకోండి, నేను ఆగుతాను.

(కొద్ది విరామం.)

కానీ అన్నీ అక్కడికే వదిలేస్తే కుదరదు. స్టీల్ ప్లాంట్‌లో బీ షిఫ్ట్ చేసి రాత్రి పదిన్నరకి ఇల్లు చేరే మనిషికి మనసు లాగేది పదకొండు గంటలకి. హార్బర్ నుంచి వేటకెళ్ళిన బోటు తీరం దాటితే సిగ్నల్ ఉండదు. ఇంకొందరికి ముక్కూ మొహం తెలియని గొంతుతో మాట్లాడడానికి మనసొప్పదు. వీళ్ళకి ఊళ్ళోనే, నడిచి వెళ్ళే దూరంలో మనిషి కావాలి.

అలాంటి మనిషిని పెట్టడానికి చోటు ఇప్పటికే ఉంది. ముప్ఫై ఏళ్ళు దాటినవాళ్ళకి బీపీ, షుగర్ చూడడానికి ఇంటింటికీ వచ్చే సర్వేలో పొగాకు గురించి ప్రశ్న ఉంది. ఆశా కార్యకర్తో ఏఎన్‌ఎమ్మో అడుగుతుంది, అవును అంటే గడి నింపుతుంది. ఆ తర్వాత? బీపీ ఎక్కువుందని తేలితే మందులిస్తాం, మళ్ళీ రమ్మంటాం, రాకపోతే వెతుక్కుంటూ వెళ్తాం. పొగాకు గడిలో అవును అని పడితే మాత్రం ఎక్కడా ఏదీ కదలదు. అంత కష్టపడి ఇల్లిల్లూ తిరిగి ఏఎన్‌ఎం పట్టుకొచ్చిన సమాచారం అక్కడే ఆగిపోవడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది. ఆ అమ్మాయిల మీద కాదు నా కోపం. వాళ్ళ నెత్తిన ఇప్పటికే చాలా యాప్‌లు, చాలా ఫారాలు ఉన్నాయి. పట్టణ ఆరోగ్య కేంద్రానికి ఒక కౌన్సెలర్‌ని ఇచ్చి, ఆ గడి నిండిన ప్రతి పేరూ ఆమె జాబితాలోకి వెళ్ళేలా చేస్తే, ఏఎన్‌ఎంకి అదనపు భారం ఉండదు.

క్షయ రోగుల సంగతి మరీ ముఖ్యం. పొగతాగేవాళ్ళకి టీబీ వచ్చే అవకాశం రెండు రెట్లకు పైగా ఎక్కువ. వచ్చాక తగ్గడం కష్టం, తగ్గాక తిరగబెట్టే ముప్పూ ఎక్కువే. టీబీ మందులు కనీసం ఆరు నెలలు వాడాలి, ఆ ఆరు నెలలూ మన సిబ్బంది ఆ మనిషితో మాట్లాడుతూనే ఉంటారు. ఏ ఇతర రోగితోనూ ఇన్నిసార్లు కలిసే అవకాశం రాదు. మందు వేసుకున్నారా అని అడిగే నోటితోనే బీడీ సంగతి కూడా అడగాలి. మానసిక వైద్యశాలకి వచ్చే రోగులనీ ఈ విషయంలో వదిలేస్తాం, "పాపం, వాళ్ళకున్న సుఖం అదొక్కటే" అని. ఇది జాలి అనిపించుకోదు. వాళ్ళూ మానగలరు. కాకపోతే పొగ ఆపేస్తే కొన్ని మానసిక వ్యాధుల మందులు రక్తంలో పెరుగుతాయి, క్లోజపైన్ లాంటివి. కాబట్టి డాక్టరుకి చెప్పి మానాలి, మోతాదు సరిచూసుకోవాలి.

మందుల గురించి రెండు మాటలు, ఎందుకంటే తెలియక వృథా చేస్తున్నారు. నికోటిన్ చూయింగ్ గమ్ దొరుకుతుంది, 2 మిల్లీగ్రాములది, 4 మిల్లీగ్రాములది. లేచిన అరగంటలోపే వెలిగించేవాళ్ళకి 4 కావాలి, అది డాక్టరు చూసి రాయాలి. దీన్ని మామూలు బబుల్‌గమ్‌లా టకటకా నమిలేస్తారు. గొంతు మంట, ఎక్కిళ్ళు, కడుపులో తిప్పడం, "నాకు పడలేదు సార్" అని పారేస్తారు. అలా నమలకూడదు. మెల్లగా నమిలి, నోట్లో కారంగా, చురచురగా అనిపించగానే ఆపి, చెంపకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. ఆ ఘాటు తగ్గాక మళ్ళీ నాలుగు నమలడం, మళ్ళీ పెట్టుకోవడం, అలా అరగంట. టీ, కాఫీ, నిమ్మరసం తాగిన పావుగంట దాకా వేసుకోకూడదు, పని చేయదు. మన ఊళ్ళో సిగరెట్టూ టీ జంటగా నడుస్తాయి కాబట్టి ఈ జాగ్రత్త తప్పకుండా చెప్పాలి. ఇది నిమిషంన్నరలో నేర్పే విషయం, కానీ మందుల షాపు కౌంటర్ దగ్గర ఎవరూ నేర్పరు.

గమ్ కాక చర్మానికి అంటించే ప్యాచ్ ఉంది. మాత్రల్లో వరెనిక్లిన్, బుప్రోపియాన్ ఉన్నాయి. మాత్రలు మానే తేదీకి వారం ముందే మొదలుపెట్టాలి. మూర్ఛ ఉన్నవాళ్ళకి బుప్రోపియాన్ ఇవ్వకూడదు. 2024 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పెద్దవాళ్ళు పొగాకు మానడానికి ఏ వైద్యం చేయాలో మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో ఈ మందులూ ఉన్నాయి, ప్రతి ఆరోగ్య కార్యకర్తా ప్రతి రోగికీ అరనిమిషం నుంచి మూడు నిమిషాలు సలహా చెప్పాలనీ ఉంది. మన దేశపు అత్యవసర మందుల జాబితాలో 2022లో నికోటిన్ మందుని చేర్చారు. అంటే ఇది విలాసం కాదని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఒప్పుకున్నాక ఆస్పత్రి ఫార్మసీ కిటికీలో బీపీ మాత్ర పక్కన ఇది కూడా ఉచితంగా దొరకాలి. రోజుకూలీ చేసే మనిషికి ఒక బీడీ కట్ట ఎంత, ఒక గమ్ షీటు ఎంత, లెక్క చూడండి. మానడం తాగడం కన్నా ఖరీదైతే అతను ఏది ఎంచుకుంటాడు?

ఇక మన విశాఖకే ప్రత్యేకమైన రెండు విషయాలు చెప్పాలి. వీటి కోసమే నేను ఈ రోజు వచ్చాను.

మొదటిది హార్బర్. ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్ల మీద పని చేసే కళాసీలు రోజుల తరబడి సముద్రంలో ఉంటారు. రాత్రి మేలుకోవాలి, వల లాగాలి, చలి, ఎదురుచూపు. బీడీ, ఖైనీ లేకుండా ఆ బోటు మీద ఒక రాత్రి గడవదని వాళ్ళే చెబుతారు. ఆ బోటు మీద ఉండగా ఒకడు ఒంటరిగా మానాలంటే చుట్టూ ఉన్న ఏడెనిమిది మంది తాగుతూ ఉంటారు. కాబట్టి అక్కడ కాదు మొదలుపెట్టాల్సింది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. 61 రోజులు మరబోట్లన్నీ జెట్టీల దగ్గరే ఉంటాయి. నిషేధం భృతి కోసం మత్స్యశాఖ వాళ్ళు బోటుబోటుకీ వచ్చి కళాసీల పేర్లు రాసుకుంటారు. జాబితా తయారు, మనుషులు ఒడ్డున ఉన్నారు, చేతిలో ఖాళీ ఉంది, అరవై ఒక్క రోజులున్నాయి. కష్టమైన నాలుగు వారాలూ అందులో హాయిగా ఇమిడిపోతాయి. మే 31 పొగాకు వ్యతిరేక దినం కూడా ఆ రోజుల్లోనే వస్తుంది. ఆ రోజు బీచ్ రోడ్డులో బ్యానర్ పట్టుకుని నడవడం ఒక్కటే చేస్తాం, నడిచేవాళ్ళం మనమే, చూసేవాళ్ళమూ మనమే. ఏప్రిల్ మూడో వారంలో జెట్టీ దగ్గర ఒక షామియానా వేసి, ఒక బోటు కళాసీలందర్నీ కలిపి ఒకే తేదీన మాన్పించే ప్రయత్నం చేద్దాం. ఏడుగురు కలిసి మానితే జూన్‌లో బోటెక్కాక ఒకడికి ఇంకొకడు కాపలా. ముగ్గురే నిలబడినా, బోటు మీద అగ్గిపెట్టె అడిగేవాళ్ళు తగ్గుతారు.

ఈ సందర్భంలోనే రిఫైనరీ కార్మిక సోదరులకి ఒక మాట. మీ గేటు దగ్గర అగ్గిపెట్టె, లైటర్ తీసేసుకుంటారు. లోపల ఎనిమిది గంటలు ఒక్క దమ్ము లేకుండా పని చేసి బయటికొస్తారు. అది అందరివల్లా అయ్యే పని కాదు, మీరు రోజూ చేస్తున్నారు! మీ శరీరం రోజూ ఆ గేటు లోపల మానడం అభ్యాసం చేస్తోంది. పోర్టు, షిప్‌యార్డ్, స్టీల్ ప్లాంట్ లాంటి పెద్ద సంస్థలకి సొంత డిస్పెన్సరీలు, ఆస్పత్రులు ఉన్నాయి. షిఫ్ట్ మారే వేళకి అక్కడ ఒక కౌన్సెలర్, గమ్, ఊదితే రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో చూపే చిన్న పరికరం ఉంటే చాలు. ఆ పరికరం చూపే అంకె ఒక్క రోజు మానితేనే పడిపోతుంది. లోపల మార్పు కళ్ళతో చూసిన మనిషికి వచ్చే ఉత్సాహం నా ఉపన్యాసంతో రాదు. కార్మిక సంఘాలు క్యాంటీన్ ధరల కోసం యాజమాన్యంతో కూర్చుంటాయి, దీని కోసం కూడా కూర్చోండి.

రెండో విషయం అడ్డపొగ. (గొంతు కాస్త ఆగింది.) మన తీరంలో, ఇక్కడి నుంచి శ్రీకాకుళం దాకా, మత్స్యకార పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్ళు చుట్టని నిప్పు ఉన్న కొస నోటి లోపల పెట్టుకుని కాలుస్తారు. బయటివాళ్ళు వింతగా చెప్పుకుంటారు, నాకు అది నచ్చదు. వాళ్ళు చెప్పే కారణాలు విన్నారా? సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. ఒళ్ళో పిల్ల ఉంటే నిప్పురవ్వ మీద పడదు. ఒక చుట్ట ఎక్కువసేపు వస్తుంది. కష్టం చేసుకునే ఆడమనిషి లెక్కలు ఇవి. కానీ ఆ వేడీ ఆ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి ముందు తెల్లబడుతుంది, మధ్యలో ఎర్రటి చుక్కలు లేస్తాయి, కొందరికి పుండు పడుతుంది, అది క్యాన్సర్ అవుతుంది. మిగతా చోట్ల అరుదుగా కనిపించే గట్టి అంగిలి క్యాన్సర్ మన దగ్గర కనిపించడానికి కారణం ఇదే. ఆంధ్ర వైద్య కళాశాల డాక్టర్లు దశాబ్దాల కిందటే దీని మీద పరిశోధన పత్రాలు రాశారు.

ఒక పెద్దావిడ నాతో అంది: "దీన్ని ఒగ్గీమంటే పేనం ఒగ్గీమన్నట్టే బాబూ. మొగుడు పోయినకాడినించి నాకు తోడు ఇదే." ఆవిడకి క్విట్‌లైన్ నంబర్ ఇస్తే ఏం లాభం? చదవలేదు, ఫోన్ కొడుకు దగ్గర ఉంటుంది. ఆవిడని ఆస్పత్రిలో ఇదివరకు ఎవరైనా పొగ గురించి అడిగారా అంటే లేదు. ఆడమనిషి కదా, తాగదులే అనుకుంటాం, అడగం. అడగడానికి మనకి మొహమాటం, చెప్పడానికి ఆమెకి మొహమాటం.

ఇది మార్చలేనిది కాదు. ఇరవయ్యో శతాబ్దంలో ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకి చెందిన పరిశోధకులు ఎర్నాకుళం, భావ్‌నగర్, మన శ్రీకాకుళం జిల్లాల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడేవాళ్ళని ఏళ్ళ తరబడి ఇంటింటికీ వెళ్ళి కలిశారు. ఏటా నోరు చూడడం, ఓపికగా మాట్లాడడం, మళ్ళీ వెళ్ళడం. మానినవాళ్ళు, తగ్గించినవాళ్ళు పెరిగారు. మానినచోట నోటి మచ్చలు తగ్గాయి. 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. సెల్‌ఫోన్ లేని రోజుల్లో, మందులు లేని రోజుల్లో, పల్లెల్లో ఒక మనిషి మళ్ళీ మళ్ళీ వెళ్ళి పలకరించడం వల్ల జరిగింది అది. మనకి కావలసిన పద్ధతి పరాయి దేశం నుంచి రానక్కర్లేదు, మన ఉత్తరాంధ్రలోనే చేసి చూపించారు.

ఆ ఊళ్ళలో డ్వాక్రా సంఘాలు ఉన్నాయి. నెలకోసారి మీటింగ్ పెట్టుకుంటారు. అక్కడికి ఒక దంత వైద్యురాలు టార్చి పట్టుకుని వెళ్ళి అందరి అంగిలీ చూస్తే చాలా పట్టుబడుతుంది. అనుమానం ఉన్నవాళ్ళని అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికి పంపవచ్చు. మిగతావాళ్ళకి మానే తేదీ పెట్టించి, సంఘం లీడరమ్మే మూడో రోజు గుమ్మంలోకి వెళ్ళి కూర్చోవాలి. ఆవిడ పోగొట్టుకునేది చుట్టొకటే కాదు, తోడు కూడా అని గుర్తుపెట్టుకుంటే, ఎవరు వెళ్ళి కూర్చోవాలో మనకే తెలుస్తుంది.

డాక్టర్లకి ఒక విన్నపం చేసి ప్రశ్నలకి వస్తాను. దయచేసి తిట్టకండి. "ఇంకా తాగుతున్నావా, అయితే నా దగ్గరికి రాకు" అని పంపేస్తే ఆ మనిషి నిజంగానే రాడు. వచ్చినా అబద్ధం చెబుతాడు.

(సభలో ఒకరు: సార్, ఒక్కసారిగా మానేయడం మంచిదా, మెల్లగా తగ్గించడం మంచిదా?)

రెండు దారుల్లోనూ మానినవాళ్ళున్నారు. తగ్గించేవాళ్ళకి నేను ఒక్కటే షరతు పెడతాను, సున్నాకి చేరే తేదీ ముందే రాసుకోవాలి. "రోజుకి ఒకటే కదా" అని అక్కడే ఆగిపోతే గుండెకి పెద్ద లాభం లేదు. ఇరవై కాల్చేవాడి గుండెకున్న ముప్పులో దాదాపు సగం రోజుకి ఒకటి కాల్చేవాడికీ ఉంటుంది. ఇరవయ్యో వంతు కాదు, సగం. మనసు లాగినప్పుడు అది కొద్ది నిమిషాలే ఉంటుందని గుర్తుంచుకోండి. అయిదు నిమిషాలు వాయిదా వేయండి, మంచినీళ్ళు తాగండి, లోతుగా ఊపిరి పీల్చండి, ఉన్న చోటు నుంచి లేచి వెళ్ళిపోండి. టీ కొట్టు దగ్గర నిలబడి వాయిదా వేయలేరు. మొదటి రెండు వారాలు ఆ కొట్టుకి వెళ్ళకండి.

(ఒక విద్యార్థి: ఈ-సిగరెట్‌కి మారితే మానడం తేలికంటున్నారు సార్?)

మన దేశంలో 2019 చట్టంతో వాటి తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నిషేధం. దొంగచాటుగా దొరికేదాంట్లో ఏముందో, ఎంత నికోటిన్ ఉందో నీకూ తెలియదు బాబూ, నాకూ తెలియదు. నీ వయసులో అది సిగరెట్ మాన్పించేకన్నా కొత్తగా నికోటిన్ అలవాటు చేసే ప్రమాదం ఎక్కువ. పరీక్షించిన మందులు ఉండగా దాని జోలికి వెళ్ళకు.

(ఒక గృహిణి: మా ఆయన ఫోన్ చేయరు డాక్టరు గారూ. నేను ఆ నంబర్‌కి చేసి మాట్లాడొచ్చా?)

చేయండమ్మా. ఇంట్లో ఎలా సాయపడాలో మీకు చెబుతారు. కానీ మానే తేదీ ఆయన నోటితోనే రావాలి, మీరు పెట్టకూడదు. పెట్టె దాచేయడం, పిల్లలచేత ఒట్టు వేయించుకోవడం వద్దు. ఆయన మామూలుగా ఉన్న వేళ చూసి, "ఎప్పుడైనా మానాలనిపించిందా?" అని ఒక్కసారి అడిగి ఊరుకోండి, జవాబు కోసం పట్టుబట్టకండి. ఆయన సరే అన్నాక మొదటి వారం కాస్త కసురుకుంటారు, అది మీ మీద కోపం కాదు, నికోటిన్ లేక వచ్చే చిరాకు. ఇంట్లో సోంపు, యాలకులు, కోసిన కేరట్ ముక్కలు అందుబాటులో పెట్టండి. ఆ వారం చుట్టాల ఇంటి పెళ్ళిళ్ళు, ఫంక్షన్లు లేకుండా చూసుకుని తేదీ ఎంచుకోమనండి. రేపు సోమవారం, వాళ్ళకి సెలవు. ఎల్లుండి పొద్దున ఎనిమిది తర్వాత చేయండి, తెలుగులో మాట్లాడేవాళ్ళు కావాలని మొదటే చెప్పండి.